ఫోక్‌వేస్ ఆష్ పాటగాళ్ళకి చేసింది మేలా, అన్యాయమా?

పాటలపెట్టె:
తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఫోక్‌వేస్ అంటే 1948లో న్యూయార్క్‌లో మోజెస్ ఆష్, మేరియన్ డిస్ట్లర్ కలిసి పెట్టిన చిన్న రికార్డు కంపెనీ. ఆష్ అంతకుముందే ఒకసారి దివాలా తీశాడు, అందుకని కాగితాల మీద ఇది ఆవిడ పేరున నడిచింది. 1986లో ఆయన పోయేనాటికి 2,168 రికార్డులు. ఎక్కడెక్కడి దేశాల జానపదాలో, 1958లో ఉత్తర అమెరికా కప్పల అరుపులతో ఒక ఎల్పీ కూడా. ఒక్కటీ కేటలాగ్‌లోంచి తీసెయ్యలేదు. రాయల్టీలు సరిగ్గా ఇవ్వలేదన్న ఫిర్యాదు మాత్రం ఉంది. నా మటుకు మేలే చేశాడు.

అద్దెఇల్లు:
మేలు ఎవరికండీ? వినే మనకి. "నీ రికార్డు ఎప్పటికీ దొరుకుతుంది" అన్న మాట పట్టుకెళ్తే కిరాణాకొట్లో పప్పు ఇస్తారా? మా నాన్నగారు నాటకాలకి హార్మోనియం వాయించేవారు. డబ్బు అడిగితే తర్వాత చూద్దాం అనేవాళ్ళు, శాలువా మాత్రం కప్పేవాళ్ళు. బీరువా నిండా శాలువాలే.

పాటలపెట్టె:
మీ బాధ అర్థమైందండీ. కానీ ఆ వ్యాపారం ఎలా నడిచిందో చూడండి. ఒక్కోసారి వందా రెండొందల ప్రతులే వేయించేవాడు. నల్లటి మందపాటి అట్ట, దాని మీద ఆ రికార్డు తాలూకు బొమ్మ కాగితం అతికించేవాళ్ళు, లోపల పాటల వివరాలతో ఒక చిన్న పుస్తకం. అంత పొదుపుగా చేశాడు కాబట్టే ఏడాదికి పట్టుమని పాతిక అమ్ముడుపోని రికార్డు కూడా బతికింది, పెద్ద కంపెనీ అయితే రెండో ఏడే ఆపేసేది, అప్పుడిక రాయల్టీ ఊసే ఉండదు. ఎస్ కంటే జె వాడకం తక్కువని నిఘంటువులోంచి జె తీసేస్తామా అనేవాడు ఆష్. మనం ఌ తీసేశాం. ఇవాళ పిల్లలకి చూపిస్తే అదేంటని అడుగుతారు.

తంబుర:
1987లో అమెరికాలోని మ్యూజియంల సంస్థ స్మిత్సోనియన్ ఈ కంపెనీని తీసుకున్నప్పుడు ఏ రికార్డూ ఆపకూడదన్న షరతు మీదే తీసుకుంది. ఆ కొనుగోలు ఖర్చుకి సాయంగా మరుసటేడు డిలన్, స్ప్రింగ్‌స్టీన్, యూ2 లాంటి పేరున్న కళాకారులు, ఫోక్‌వేస్‌లో పాడిన జానపద గాయకులు ఊడీ గత్రీ, లెడ్ బెల్లీల పాటలతో ఆల్బమ్ చేశారు. ఇప్పుడు రాయల్టీలూ చెల్లిస్తున్నారు. అదే కేటలాగ్, అవే కప్పలు. అంటే రెండూ కుదురుతాయి కదా? ప్రతి రికార్డుకీ అంత ఓపిగ్గా పుస్తకం అచ్చేయించినవాడికి లెక్కల పుస్తకం రాయడం చేతకాలేదంటే నేను నమ్మలేను.

పాటలపెట్టె:
లెక్కల దగ్గర తప్పు ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఇప్పుడు ఆ రికార్డుల వెనక స్మిత్సోనియన్ లాంటి పెద్ద సంస్థ ఉంది. ఆష్ వెనక డిస్ట్లర్ ఒక్కరే.

అద్దెఇల్లు:
పాడినవాళ్ళ వెనక ఆ ఒక్కరు కూడా లేరండీ.