గన్ షోలో ట్యాగ్ మీద రాసిన రేటు నిజంగా రేటేనా?

ఎన్‌ఫ్రేమ్_ప్లేనో:
మొన్న శనివారం ఫోర్ట్‌వర్త్‌లో గన్ షోకి, అంటే తుపాకులు అమ్ముకునే, మార్చుకునే సంతకి వెళ్లాను. బీఫ్ జెర్కీ, చాకులు, టీషర్టుల టేబుళ్లన్నీ దాటాక ఒక పెద్దాయన దగ్గర స్మిత్ అండ్ వెస్సన్ మోడల్ 27-2 రివాల్వర్ కనబడింది. ఆరంగుళాల బ్యారెల్, ఎన్ అక్షరంతో మొదలయ్యే సీరియల్, కంపెనీ ఇచ్చే చెక్కపెట్టె కూడా ఉంది. సీరియల్ బట్టి 70ల నడుమది. ట్యాగ్ మీద 1,950 డాలర్లు. ఏమైనా తగ్గుతుందా అని అడిగితే, "ఆన్‌లైన్‌లో చూసుకో, 2,500కి పెడుతున్నారు" అన్నాడు. చూశాను. పెడుతున్న మాట నిజమే. కానీ వేలం ముగిసి అమ్ముడైనవి చూస్తే, ఇలాంటివే నా కంటపడినవి 1,300, 1,500 మధ్యలో పోయాయి.

నా వాదన ఒక్కటే. షోలో ట్యాగ్ అనేది రేటు కాదు, అమ్మేవాడి ఆశ. అదే రివాల్వర్, అదే ట్యాగ్, షో తర్వాత షోకి తిరుగుతూనే ఉంటాయి. ఎవరూ కొననిదాన్ని రేటు అని ఎలా అంటాం? పాత రివాల్వర్లు సేకరించేవాళ్లు మన గ్రూపులో నలుగురైదుగురు ఉన్నారు కదా, మీరేమంటారు?

లెక్కల_మాస్టారు:
సగం ఒప్పుకుంటాను. అమ్ముడైన ధరే ధర, అడిగిన ధర కాదు. కానీ మీరు చూసిన 1,300, 1,500 మీ చేతికొచ్చే ధరలు కావు. 1,350కి వేలం పాడారనుకోండి. మన టెక్సస్‌లో 8.25 శాతం సేల్స్ టాక్స్, అంటే సుమారు 111. షిప్పింగ్ 50. గన్ మీ చేతికివ్వడానికి మీ ఊరి డీలర్ తీసుకునే ట్రాన్స్‌ఫర్ ఫీజు 35. మొత్తం 1,546. కార్డు గీకితే దాని మీద ఇంకో మూడు శాతం వేసేవాళ్లూ ఉన్నారు. పెద్ద ఆక్షన్ హౌసుల్లో అయితే పాటపాడిన మొత్తం మీద కొనేవాడి ప్రీమియం అదనం. అంటే పెద్దాయన ట్యాగ్‌ని పోల్చాల్సింది 1,350తో కాదు, 1,550తో. తేడా 600 అనుకున్నది 400 అయింది. ఆయన డీలర్ లైసెన్స్ లేకుండా సరదాకి సేకరించే మామూలు కలెక్టర్ అయితే టాక్సూ ఉండదు.

టల్సా_టేబుల్:
నేను టేబుల్ వెనక కూర్చునేవాణ్ణి కాబట్టి అటువైపు మాట చెబుతాను. ఎన్‌ఫ్రేమ్ గారూ, ట్యాగ్ మీది రేటు మీకోసం రాసింది కాదు. ట్రేడ్‌కి వచ్చేవాడి కోసం రాసింది. షోలో సగం మంది చేతిలో డబ్బుతో రారు, భుజానికి ఒక పాత రైఫిల్ తగిలించుకుని వస్తారు. "ఇది తీసుకుని అదియ్యి, పైన ఎంతివ్వాలి" అంటారు. వాళ్ల రైఫిల్‌కి వాళ్లు చెప్పేది ఆకాశం. మనం ట్యాగ్‌లో ఆ జాగా ఉంచుకోకపోతే మునిగిపోతాం. అందుకే ట్రేడ్ రేటు వేరు, నగదు రేటు వేరు. "తగ్గుతుందా" అని అడిగితే ఎవడైనా తగ్గదనే అంటాడు. వంద నోట్లు లెక్కపెట్టి చేతిలో పట్టుకుని "ఇంతకి ఇస్తారా" అని అడగాలి. ఆ రెండు ప్రశ్నలకీ ఒకే మనిషి దగ్గర రెండు జవాబులొస్తాయి.

ఇంకోటి. మంచి సరుకు జనానికి తలుపులు తెరవకముందే చేతులు మారుతుంది. ఓక్లహోమాలోని టల్సాలో ఎక్స్‌పో స్క్వేర్‌లో ఏటా రెండుసార్లు జరిగే షోలో నాలుగు వేలకు పైగా టేబుళ్లుంటాయి. టేబుళ్లు సర్దుకునే రోజున డీలర్లు ఒకరి టేబుల్ దగ్గరికి ఒకరు తిరుగుతూ కొనేసుకుంటారు. సరైన రేటు పెట్టినవన్నీ అప్పుడే పోతాయి. శనివారం పొద్దున మీరు చూసేది మిగిలింది. మిగిలినవాటి ట్యాగ్‌లు చూసి షో అంతా దోపిడీ అంటే ఎలా?

ఎన్‌ఫ్రేమ్_ప్లేనో:
టల్సా అన్నా, మీరు నా మాటే చెప్పారు! సరైన రేటువి ముందే పోతే, టికెట్ కొని లోపలికొచ్చే నాలాంటివాడికి మిగిలేది సరికాని రేటువే కదా. ఆదివారం సాయంత్రం మూడింటికి వెళ్తే తగ్గిస్తారంటారు, అదైనా నిజమా?

టల్సా_టేబుల్:
జెర్కీకి తగ్గిస్తారు. 1975 నాటి రివాల్వర్ ఇంకో నెల పెట్టెలో ఉంటే పాడవుతుందా? తగ్గించాల్సిన పని నాకేముంది?

వెబ్లీ_పిచ్చోడు:
అందరూ రేటు గురించే మాట్లాడుతున్నారు, వస్తువు గురించి ఒక్కరూ మాట్లాడటం లేదు. 27-2 అనేది ఒక రకం పేరు. రకానికి రేటు ఉండదండీ. ఆ టేబుల్ మీదున్న ఆ ఒక్కదానికి ఉంటుంది. మీరు దాన్ని చూశారా, ట్యాగ్ మాత్రమే చూశారా?

ముందు మరలు చూడాలి. సైడ్‌ప్లేట్ (లోపలి భాగాల మీద ఉండే పక్క మూత) మరల గాడులు నలిగి ఉంటే ఎవరో స్క్రూడ్రైవర్‌తో లోపలికి దూరారని అర్థం. సైడ్‌ప్లేట్ ఫ్రేమ్‌తో కలిసే గీత కంపెనీ నుంచి వచ్చినప్పుడు గోరుకి కూడా తగలదు. అక్కడ చిన్న మెట్టు తగిలినా, అంచు లేచినా వదిలేయండి. తర్వాత బ్యారెల్ మీది అక్షరాలు. అంచులు పదునుగా ఉండాలి. అక్షరాలు కరిగినట్టు, మర రంధ్రాల చుట్టూ లోహం సాసర్‌లా గుంట పడినట్టు కనిపిస్తే దాన్ని గట్టిగా పాలిష్ పట్టి మళ్లీ బ్లూయింగ్ (నల్లనీలం పూత) చేశారు. అన్నిటికంటే తేలిక గుర్తు హామర్, ట్రిగ్గర్. స్మిత్ వాళ్లు వాటికి కేస్ హార్డెనింగ్ (పైపొర గట్టిపరచడం) చేస్తారు, రంగులు రంగులుగా పొగచూరినట్టుంటాయి. అవి కూడా నల్లగా మెరుస్తున్నాయంటే బయటివాడెవడో మొత్తం తొట్టిలో ముంచాడు. కలెక్టర్ లెక్కలో అక్కడితో సగం విలువ పోయినట్టే. గ్రిప్ అడుగున సీరియల్ నంబర్ పక్కన చిన్న నక్షత్రం కొట్టి ఉంటే, అది ఎప్పుడో కంపెనీకే పనికి వెళ్లొచ్చింది. అది వేరే కథ, అంత నష్టం కాదు.

ఆ తర్వాత తూటాలు పట్టే సిలిండర్‌ని పక్కకి తెరిచి, దాన్ని మోసే యోక్ కూర్చునే ఫ్రేమ్ గాడిలో, అంటే యోక్ కట్‌లో, మోడల్ నంబర్ చదవాలి. బ్యారెల్ మొదట్లో అడ్డంగా పిన్ను ఉందా, సిలిండర్ గదుల అంచులు లోపలికి తొలిచి ఉన్నాయా చూడాలి. 80ల మొదట్లో కంపెనీ ఈ రెండూ మానేసింది. కలెక్టర్లు ఎగబడేది అవి ఉన్నవాటికే. వెడల్పు ట్రిగ్గర్, వెడల్పు హామర్, టార్గెట్ గ్రిప్స్, మూడూ ఉంటే ఇంకో మెట్టు పైన. మూడున్నర అంగుళాల బ్యారెల్ అయితే ఆరంగుళాల దాని రేటు మర్చిపోండి, అంతకంటే ఎక్కువే.

లెక్కల_మాస్టారు:
అన్నీ బాగానే ఉన్నాయి గానీ, షోలో ప్రతి గన్‌కీ ప్లాస్టిక్ జిప్ టై బిగించి ఉంటుంది కదా. సిలిండర్ తెరవడం ఎలా?

వెబ్లీ_పిచ్చోడు:
అడగాలి. "కొనే ఉద్దేశం ఉంది, టై కోస్తారా" అని. టైమింగ్ చూడకుండా వెయ్యి డాలర్ల పైన పెట్టేవాడు అమాయకుడు. సిలిండర్‌ని వేలితో కొద్దిగా ఆపుతూ హామర్‌ని మెల్లగా వెనక్కి లాగాలి. హామర్ పూర్తిగా వెనక నిలబడేలోపే సిలిండర్ టక్‌మని లాక్ అవ్వాలి. ఆరు గదులకీ ఆరుసార్లు. ఒక్క గది వెనకబడినా రిపేరు ఖర్చు రేటులోంచి కోసుకోవాలి. సిలిండర్‌ని ముందుకీ వెనక్కీ కదిపి ఎంత వదులుందో చూడాలి. పెన్‌లైట్ ఒకటి జేబులో ఉంచుకోండి, బ్యారెల్ వెనక ముఖం దగ్గర పగులు కనబడుతుంది. ఈ పగులు 27లో కన్నా చిన్న ఫ్రేమ్ మోడల్ 19లో ఎక్కువ.

అడగకుండా ముట్టుకోవద్దు, అడగకుండా ఖాళీ ట్రిగ్గర్ నొక్కొద్దు. సినిమాలో లాగా మణికట్టు విదిలించి సిలిండర్ మూస్తే, ఆ టేబుల్ దగ్గర మీకు బేరం ముగిసినట్టే. యోక్ వంగిపోతుంది.

టల్సా_టేబుల్:
సంతకం పెడతాను. విదిలించినవాడికి నేను రేటు కూడా చెప్పను.

గోదారి_గట్టు:
ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మనవాళ్లకి ఈ పిచ్చి ఎందుకండీ? మా ఊళ్లో మా పెదనాన్నకి లైసెన్స్ తుపాకీ ఉండేది. ఎలక్షన్లు వచ్చాయంటే స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యాలి, రెన్యువల్‌కి తిరగాలి, అదొక పెద్ద టెన్షన్. ఇక్కడ మీరు పెట్టె ఉందా, పిన్ను ఉందా అని స్టాంపులు ఏరుకున్నట్టు మాట్లాడుతున్నారు.

వెబ్లీ_పిచ్చోడు:
స్టాంపుల పిచ్చే అనుకోండి, నాకు అభ్యంతరం లేదు. నా దగ్గరున్న వాటిలో ఎక్కువ భాగం పేల్చను కూడా. అయితే మీరు చెప్పిన పెదనాన్న కాలానికీ నా పిచ్చికీ సంబంధం ఉంది. 1915లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న వెబ్లీ మార్క్ 6 రివాల్వర్ అమెరికాకి సర్‌ప్లస్‌లో కుప్పలుగా వచ్చింది. ఇక్కడ .455 తూటా దొరక్క, సిలిండర్ వెనక భాగం గీకించి .45 ఏసీపీ తూటా పట్టేలా మార్చారు. గన్ షోలో కనిపించే మార్క్ 6లలో గీకనిది దొరకడమే కష్టం. గీకినదాని మీద గీకనిదాని రేటు రాసి కూర్చునేవాళ్లు చాలామంది. పైగా ఫ్యాక్టరీ .45 ఏసీపీ తూటా ఒత్తిడి ఆ పాత ఫ్రేమ్‌కి ఎక్కువ. ఎన్‌ఫ్రేమ్ గారి వాదన ఇక్కడ మాత్రం నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటాను.

కొత్తగా_వచ్చా:
నేను హెచ్1బీ మీద ఉన్నాను. షోకి వెళ్లి చూడొచ్చా? నచ్చితే కొనొచ్చా? గ్రీన్ కార్డ్ ఉన్న ఫ్రెండ్ తన పేరు మీద కొనిస్తానంటున్నాడు.

లెక్కల_మాస్టారు:
చూడటానికి టికెట్ చాలు తమ్ముడూ. కొనడం మాత్రం వద్దు. ఫెడరల్ చట్టం ప్రకారం వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. అమెరికాలో తీసుకున్న చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, కానీ అది లాయర్‌ని అడిగి చేయాల్సిన పని, ఇక్కడ మమ్మల్ని అడిగి కాదు. గ్రీన్ కార్డ్ వాళ్లకి ఆ నిషేధం లేదు. ఇక ఫ్రెండ్ కొనివ్వడం అంటారా, డీలర్ దగ్గర కొనేటప్పుడు నింపే 4473 ఫెడరల్ ఫారంలో, కొనేది తన కోసమే అని అతను సంతకం పెట్టాలి. వేరేవాళ్ల కోసం కొంటూ అలా సంతకం పెడితే ఫెడరల్ నేరం. ఒక్క రివాల్వర్ కోసం ఇద్దరి భవిష్యత్తూ పోగొట్టుకోకండి.

ఎన్‌ఫ్రేమ్_ప్లేనో:
టల్సా షోకి వెళ్తే నేను అక్కడే కొని తెచ్చుకోవచ్చా? నాది టెక్సస్ అడ్రస్.

టల్సా_టేబుల్:
హ్యాండ్‌గన్ అయితే కుదరదు. వేరే రాష్ట్రం వాడికి అక్కడికక్కడ ఇవ్వడానికి లేదు. మీ ఊరి డీలర్‌కి షిప్ చెయ్యాలి, అక్కడ మీరు ఫారం నింపి తీసుకోవాలి. మీ దగ్గర క్యూరియో అండ్ రెలిక్ లైసెన్స్ (పాత తుపాకులు సేకరించేవాళ్లకిచ్చే ఫెడరల్ లైసెన్స్) ఉంటే, 50 ఏళ్లు నిండి అసలు రూపంలో ఉన్నవాటిని నేరుగా తీసుకోవచ్చు. ఫీజు మూడేళ్లకి 30 డాలర్లు. కలెక్టర్ అని చెప్పుకునేవాడికి అది లేకపోవడం వింతే. కొన్నవీ అమ్మినవీ పుస్తకంలో రాయాలి, దాంతో వ్యాపారం చెయ్యకూడదు. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవి ఫెడరల్ లెక్కలో ఆంటిక్‌లు, వాటికి ఈ నిబంధనలు వర్తించవు. 1873 నాటి కోల్ట్ మోడల్ పాత సీరియల్స్‌కి అంత గిరాకీ ఉండటానికి అదీ ఒక కారణం.

లెక్కల_మాస్టారు:
కోల్ట్ మాట వచ్చింది కాబట్టి. 1955లో మొదలైన పైథాన్ రివాల్వర్‌ని కోల్ట్ కంపెనీ 2020లో 1,499 డాలర్లకి మళ్లీ దించినప్పుడు, పాతవాటి రేటు కుప్పకూలుతుందని చాలామంది అన్నారు. కూలలేదు. ఎందుకంటే పాతదాన్ని కొనేవాడు .357 తూటా పేల్చడానికి కొనడు. ఆ రాయల్ బ్లూ మెరుపు, కంపెనీ పెట్టె, అది ఏ రోజు ఏ షాపుకి వెళ్లిందో చెప్పే కంపెనీ లెటర్, ఇవి కొంటాడు. ఆ పెట్టెలు కూడా విడిగా అమ్ముడవుతాయి. పెట్టె అంచు లేబుల్ మీద రాసింది గన్‌తో కలవకపోతే ఆ పెట్టెకి నేను పైసా ఇవ్వను.

టల్సా_టేబుల్:
నేనిస్తాను మాస్టారూ. ఆ కాలం పెట్టె, ఆ బ్యారెల్ పొడవుది దొరకడమే కష్టం. నంబర్ కలవదని చెప్పి అమ్మితే మోసం ఏముంది? చెప్పకుండా అమ్మితే కదా మోసం.

లెక్కల_మాస్టారు:
మీరు చెప్పి అమ్ముతారు. మీ దగ్గర కొన్నవాడు తర్వాతవాడికి చెబుతాడా?

ఎన్‌ఫ్రేమ్_ప్లేనో:
సరే, 27 సంగతికి వస్తాను. మరలు బాగున్నాయి, హామర్ రంగు కంపెనీదే, చెక్కపెట్టె ఆ కాలానిదే. సిలిండర్ తిరిగి తిరిగి దాని మీద పడే గీత సన్నగా ఉంది. టై కోయమని అడగలేదు. వచ్చే నెల ఆ పెద్దాయన మళ్లీ వస్తాడట. 1,600 నగదు చూపించి అడుగుతాను. అయినా నా మాట మీదే ఉన్నాను, 1,950 రేటు కాదు.

వెబ్లీ_పిచ్చోడు:
మోడల్ 27 తాత సంగతి తెలుసా? 1935లో ఇదే గన్ 'రిజిస్టర్డ్ మాగ్నం' పేరుతో వచ్చింది. మొదటిది ఎఫ్‌బీఐ డైరెక్టర్ ఎడ్గర్ హూవర్‌కి ఇచ్చారు. దాని యోక్ కట్‌లో మోడల్ నంబర్ ఉండదు, రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. ఎవరైనా దాన్ని గుర్తుపట్టక పాత .357 అని ఈ 27 రేటే, అంటే తక్కువకే, రాసి కూర్చుంటే, ట్యాగ్ తప్పని వాదిస్తారా, నోరు మూసుకుని డబ్బు తీస్తారా?

ఎన్‌ఫ్రేమ్_ప్లేనో:
డబ్బు తీస్తాను. తర్వాత వచ్చి ఇక్కడ వాదిస్తాను.

టల్సా_టేబుల్:
1,600 మరీ తక్కువ. 1,700 జేబులో పెట్టుకుని, 1,600 చేతిలో పట్టుకోండి. టై కోయనంటే మాత్రం వెనక్కి వచ్చేయండి, వంద తగ్గించినా సరే.