ఆడిట్ ఆఫీసుకు ఒకే సర్వర్, అందరికీ రిమోట్ డెస్క్‌టాప్: పనికొస్తుందా?

ద్వారకానగర్_లెడ్జర్: మా ఆఫీసులో ఆరు పాత డెస్క్‌టాప్‌లు, అన్నీ విండోస్ 10. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. ఆరూ మార్చే బదులు ఒక గట్టి సర్వర్ కొని, ట్యాలీ అందులో పెట్టి, అందరం రిమోట్ డెస్క్‌టాప్‌లో, అంటే ఎవరి సీట్లోంచి వాళ్లు ఆ సర్వర్ తెర తెరిచి, పనిచేసుకుంటే చాలదా? మా సార్ సరేనంటున్నారు. నాకే అనుమానం.

మధురవాడ_సిస్టమ్స్: శుభ్రంగా చాలుతుందండీ. డేటా ఒకచోటే, బ్యాకప్ ఒకచోటే. నెట్‌లో తిరిగేది తెరమీది బొమ్మ, కీబోర్డు, మౌస్ కదలికలే. పాత డబ్బాల్లో విండోస్ బదులు లినక్స్ వేసి, సర్వర్‌కి కలిపే రెమ్మినా ప్రోగ్రాం పెట్టండి, ఇంకొన్నేళ్లు లాగిస్తాయి.

గాజువాక_గురూ: లైసెన్సుల సంగతి చెప్పరేం గురూ? మామూలు విండోస్ ప్రోలో ఒక్కసారికి ఒక్కరే. రెండోవాడు లోపలికొస్తే మొదటివాడు బయటికి. హోమ్ ఎడిషన్‌లోకైతే అసలు ఎవరూ రిమోట్‌లో దూరలేరు. ఆరుగురికీ కావాలంటే విండోస్ సర్వర్ కొనాలి, పైన రిమోట్ డెస్క్‌టాప్ యాక్సెస్ లైసెన్సులు. ‘చిన్న ప్యాచ్ వేస్తే అందరూ రావచ్చు’ అనేవాళ్లు వస్తారు, నమ్మకండి. అది దొంగదారే. పైగా ఒక అప్‌డేట్ రాగానే, సరిగ్గా రిటర్న్‌ల గడువు రోజున, అందరూ చేతులు కట్టుకుని కూర్చోవాలి.

డాబాగార్డెన్స్_డీటీపీ: నాది రిమోట్ కాదు, వర్చువల్ మెషీన్. అంటే నా కంప్యూటర్ లోపలే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్. పాత పెళ్లి కార్డులన్నీ పేజీలు కూర్చే పాత ప్రోగ్రాం పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. వాటికోసం వర్చువల్‌బాక్స్‌లో పాత విండోస్ ఎక్స్‌పీ పెట్టి, నెట్‌వర్క్ తీగ పీకేసినట్టు సెట్ చేశాను. షేర్డ్ ఫోల్డర్లోంచే ఫైళ్ల రాకపోకలు. చెడిపోతే స్నాప్‌షాట్‌కి, అంటే ముందే దాచుకున్న స్థితికి, వెనక్కి. 8 జీబీ ర్యామ్‌లో హాయిగా నడుస్తోంది. అదే లోపల విండోస్ 11 పెట్టి రోజంతా పనిచేస్తానంటే, దానికే 4 జీబీ వదులుకోవాలి. బయటా నత్తనడకే, లోపలా నత్తనడకే.

మధురవాడ_సిస్టమ్స్: అది ఒక్క మనిషి పని అన్నా. ఇక్కడ ఆరుగురు.

గాజువాక_గురూ: ఇంకో మాట. ఇంటినుంచి పనంటూ రౌటర్‌లో రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టు (బయటినుంచి లోపలికి వచ్చే దారి) మాత్రం తెరవకండి. తెరిచిన కాసేపటికే ఎవరెవరో పాస్‌వర్డ్‌లు ప్రయత్నించడం లాగ్‌లో కనబడుతుంది. 2019 మేలో బయటపడిన బ్లూకీప్ అనే రిమోట్ డెస్క్‌టాప్ లొసుగుకైతే పాస్‌వర్డే అక్కర్లేదు. ఎప్పుడో సపోర్ట్ ఆగిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్టే దాన్ని సరిచేసే ప్యాచ్ ఇవ్వాల్సివచ్చింది. ముందు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన సొంత దారి), ఆ తర్వాతే రిమోట్.

సీతమ్మధార_జీఎస్టీ: రిటర్న్‌ల మీద డిజిటల్ సంతకానికి వాడే యూఎస్‌బీ టోకెన్ సంగతి ఎవరూ ఎత్తలేదు. సర్వర్‌కి గుచ్చితే రిమోట్ సెషన్‌లో కనబడదు. మీ ముందున్న కంప్యూటర్‌కి గుచ్చి, కనెక్షన్ సెట్టింగ్‌లో స్మార్ట్ కార్డ్ టిక్ పెట్టాలి. సర్వర్‌లోనూ దాని డ్రైవర్ ఉండాలి. ఇది తెలియక మా దగ్గర ఒక సాయంత్రమంతా టెన్షన్.

ద్వారకానగర్_లెడ్జర్: అయితే సర్వర్ క్లౌడ్‌లో, అంటే నెట్ మీద అద్దెకు తీసుకుని, పెట్టుకుంటే ఈ బాధలు తప్పుతాయా?

సీతమ్మధార_జీఎస్టీ: పోర్టు, టోకెన్ బాధలు అక్కడా ఇవే. పైగా 2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత మన వైజాగ్‌లో కరెంటు, ఫోన్లు ఎన్ని రోజులు లేవో గుర్తుందిగా. సర్వర్ ఆఫీసులోనే ఉంటే జనరేటర్ మీద లోపలి వైరింగ్‌తో లెక్కలైనా రాసుకోవచ్చు. కాకపోతే బ్యాకప్ కాపీ ఒకటి ఊరి బయట ఉండాలి.

ద్వారకానగర్_లెడ్జర్: సరేనండీ. సర్వర్ ఆఫీసులోనే, లైసెన్సులు కొనే తీసుకుంటాం, ఇంటినుంచి వీపీఎన్. సంతకాలు మాత్రం మా సార్ లాప్‌టాప్‌లోనే. టోకెన్ ఆయన జేబు దాటి రాదు.