‘కార్పే డీయం’ ఇంగ్లీషులో పాడి ఉంటే ఇంకా పైకి వచ్చేదా?

మంజీర:
యూరోవిజన్ అంటే ప్రధానంగా యూరప్ దేశాలు తలొక పాటతో తలపడే పోటీ. 2023లో లివర్‌పూల్‌లో జరిగిన ఆ పోటీని నిన్న మళ్లీ చూశాను. స్లొవేనియా తరఫున జోకర్ అవుట్ బృందం పాడిన ‘కార్పే డీయం’ (‘ఈ రోజును చేజార్చుకోకు’ అని అర్థం) మంచి హుషారైన పాట. బాణీ ఒక్కసారి వింటే చెవిని వదలదు. అంతటి పాటకు ఫైనల్‌లో 26 పాటల్లో 21వ స్థానం, 78 పాయింట్లు! పాడింది స్లొవీన్‌లో. ఆ భాష మాట్లాడేవారు 20 లక్షల పైచిలుకు, అంతే. ఇంగ్లీషులో పాడకపోవడమే దెబ్బ తీసింది.

సాయంకాలం:
మంజీర గారూ, సెమీఫైనల్ మాట ఎత్తరేం? ఆ ఏడాది సెమీఫైనల్స్‌లో న్యాయనిర్ణేతల ప్రమేయం లేదు, అంతా ప్రేక్షకుల ఓటే. అక్కడ 16 పాటల్లో ఈ పాట అయిదోది. ఇంకా చెబుతాను. 2016, 2017, 2021, 2025లో స్లొవేనియా ఇంగ్లీషులో పాడింది. ఒక్కసారీ ఫైనల్ గడప తొక్కలేదు. 2018, 2019, 2023, 2024లో స్లొవీన్‌లో పాడింది. నాలుగుసార్లూ ఫైనల్‌కు వెళ్లింది.

పల్లవి:
పేరు లాటిన్‌లో ఉంది కదా?

మంజీర:
అదే నేనూ అడుగుతున్నాను. సొంత భాష మీద అంత నమ్మకం ఉన్నవారు పేరు లాటిన్‌లో ఎందుకు పెట్టుకున్నారు? అందరికీ తెలిసిన మాట కావాలనే కదా! ఇక సెమీఫైనల్ ఓట్లంటారా, అవి సెర్బియా, క్రొయేషియా లాంటి ఇరుగుపొరుగు వేసినవి.

సాయంకాలం:
ఆ రెండు దేశాలూ మొదటి సెమీఫైనల్‌లో ఉన్నాయి, స్లొవేనియా రెండోదాంట్లో ఉంది. ఓటు వేసే వీలే వాటికి లేదు. దయచేసి సరిచూసుకుని రాయండి.
పేరు సంగతి వదిలేయండి. మా అమ్మాయి పదో తరగతి. ఆ పాట మొత్తాన్ని రూళ్ల నోటుబుక్కు చివరి పేజీలో తెలుగు అక్షరాలతో రాసుకుంది. మనకు లేని ఒక ధ్వని వచ్చిన చోటల్లా ‘జ’ కింద చుక్క పెట్టి తనకు తానే అక్షరం చేసుకుంది. తనకు ఇంగ్లీషుతో పనే పడలేదు.

రేవు:
విశాఖ నుంచి నేనూ ఓటు వేశాను. పోటీలో లేని దేశాలవారు కార్డుతో డబ్బు కట్టి ఓటు వేసే ఏర్పాటు ఆ ఏడాదే వచ్చింది. పాటలో ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా వేశాను.

మంజీర:
సాయంకాలం గారి లెక్కలో 2022 కనిపించలేదు. అప్పుడూ స్లొవీన్ పాటే, ‘డిస్కో’. సెమీఫైనల్‌లో 15 పాయింట్లతో ఆఖరి స్థానం. 2015లో అదే దేశం తరఫున మరాయా అనే జంట ఇంగ్లీషులో పాడితే ఫైనల్‌లో 14వ స్థానం వచ్చింది.
మీ అమ్మాయి ఇష్టపడి కూర్చుని విన్నది. హాల్లో జనం అలా వినరు. నేను పనిచేసిన చోట వార్షికోత్సవంలో తెలుగు పాట పాడాను, నెల రోజులు సాధన చేసి. అన్ని రాష్ట్రాలవారూ ఉన్నారు. మొదటి చరణం అయ్యేసరికి ముందు వరుస మొత్తం భోజనాల వైపు లేచింది. రెండో చరణం పళ్లేల చప్పుడులో పాడాను.

పల్లవి:
ఆ దేశానికి వచ్చిన అత్యుత్తమ స్థానం ఏడు. 1995లో స్లొవీన్‌లో ఒకసారి, 2001లో ఇంగ్లీషులో ఒకసారి. ఇక భాషను ఏమని అంటాం?

సాయంకాలం:
మీ ఆఫీసు విందుకూ లివర్‌పూల్‌కూ పోలికేమిటండీ? మీకు జరిగిన అవమానానికి ఆ అయిదుగురు కుర్రాళ్లను బోనులో నిలబెడుతున్నారు. 1999 నుంచి ఏ భాషలోనైనా పాడవచ్చు. వాళ్లను ఎవరూ బలవంతపెట్టలేదు, కావాలనే తమ భాషలో పాడారు.

మంజీర:
బోనులో నిలబెట్టడం కాదు! పళ్లేల చప్పుడులో పాడితే ఎలా ఉంటుందో మీకు తెలియదు. అది వాళ్లకు ఎదురుకాకూడదనే ఇంత రాస్తున్నాను. ఆ రోజు తర్వాత నలుగురిలో తెలుగు పాట పాడలేదు నేను. మనసులోని మాటను, అది అర్థం కానివాళ్ల ముందు పెట్టకూడదు.

సాయంకాలం:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఓట్ల లెక్కలు తీసేవాణ్ని కాదు. అయినా ఒప్పుకోను. అర్థం కానివాళ్ల ముందే పెట్టాలి, లేకపోతే మన మాట వాళ్ల చెవిన ఎప్పుడు పడుతుంది? ఆ రోజు హాల్లో చివరిదాకా విన్నవారు ఒక్కరూ లేరా?

మంజీర:
ఒకరున్నారు. ఒడిశా ఆయన. పాట అయ్యాక పళ్లెం పట్టుకునే వచ్చి, పల్లవిలో ఒక మాటకు అర్థం అడిగారు. చెప్పాను.
21వ స్థానం విషయంలో మాత్రం నా మాట మారదు.