క్యాంపస్ కార్బన్ లెక్క: హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు బిల్లులో ఏ యూనిట్లు తీసుకోవాలి? మొదట ఏది తగ్గించాలి?

పర్యావరణ_సెల్
4,000 మంది విద్యార్థుల క్యాంపస్, వాళ్లలో 1,800 మంది హాస్టల్లో. 2023–24 ఆర్థిక సంవత్సరానికి కార్బన్ లెక్క తీస్తున్నాం. చేతికి వచ్చినవి ఇవి: హెచ్‌టీ బిల్లుల మొత్తం 24,60,000 యూనిట్లు, జనరేటర్‌కు డీజిల్ 18,000 లీటర్లు, సొంత బస్సులకు 62,000 లీటర్లు, మెస్‌కు 19 కిలోల గ్యాస్ బండలు 2,900. ఏసీల్లో ఆర్-22 గ్యాస్ 45 కిలోలు, ఆర్-410ఏ గ్యాస్ 25 కిలోలు నింపారు. డాబాల మీద 300 కిలోవాట్ల సోలార్, నెట్ మీటరింగ్‌తో (మిగిలిన కరెంటు గ్రిడ్‌కు పోతుంది). 3,000 చెట్లున్నాయి, వాటిని మొత్తంలోంచి తీసేయమంటున్నారు. తీసేయొచ్చా? డే స్కాలర్ల రాకపోకలు ఎలా లెక్కించాలి? ముందు చెయ్యి పెట్టాల్సింది ఎక్కడ?

మీటర్_గది
ముందు ఆ 24.6 లక్షలు ఏ కాలమ్‌లోవో చూడండి. ఆంధ్ర, తెలంగాణల్లో హెచ్‌టీ కనెక్షన్లకు బిల్లు వేసేది కేవీఏహెచ్ (కిలోవోల్ట్ ఆంపియర్ అవర్) మీద. ఉద్గార గుణకం (యూనిట్‌కు ఎంత కార్బన్ డయాక్సైడ్ అనే అంకె) ఇచ్చేది కిలోవాట్ అవర్‌కు. బిల్లులో రెండు రీడింగులూ పక్కపక్కనే ఉంటాయి, డబ్బు కట్టిన సంఖ్యనే అందరూ ఎత్తి రాసేస్తారు. పవర్ ఫ్యాక్టర్ (కేవీఏహెచ్‌లో కిలోవాట్ అవర్ల వాటా) 0.95 అయితే మీవి 23,37,000 కిలోవాట్ అవర్లు. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023–24కు ఇచ్చిన గ్రిడ్ సగటు యూనిట్‌కు 0.727 కిలోలు. అంటే దాదాపు 1,699 టన్నులు. తప్పు కాలమ్ పట్టుకుంటే ఉత్తపుణ్యానికి ఇంకో 89 టన్నులు నెత్తిన పడతాయి.

ఇదే కారణంగా ఏపీఎఫ్‌సీ ప్యానెల్ (పవర్ ఫ్యాక్టర్‌ను దానంతటదే సరిచేసేది) బిగించి బిల్లు తగ్గిందని చూపి, దాన్ని కార్బన్ పొదుపు ఖాతాలో రాయకండి. అది బిల్లుకు మందు. లోపలి కేబుళ్లలో నష్టం కాస్త తగ్గుతుంది, అంతే.

సోలార్‌కు: నెట్ యూనిట్లు కాదు, మీటర్‌లోని ఇంపోర్ట్ రీడింగే తీసుకోండి. ఆదివారాలు, సెలవుల్లో గ్రిడ్‌కు పంపింది వేరే వరుసలో చూపండి. సొంతంగా వాడుకున్న సోలార్ ఇంపోర్ట్‌లోకి రానే రాదు కాబట్టి దాన్ని మళ్లీ తీసేస్తే రెండుసార్లు తీసేసినట్టు.

మిగతావి సులువు. డీజిల్ లీటరుకు 2.68 కిలోలు: జనరేటర్ 48 టన్నులు, బస్సులు 166. ఎల్పీజీ కిలోకు సుమారు 3 కిలోలు, మెస్ 165 టన్నులు. కొన్న బండలు కాదు, వాడినవి లెక్కించాలి. ఏప్రిల్ 1న, మార్చి 31న స్టాకు రాసుకోండి. జనరేటర్‌కూ బస్సులకూ ఒకే ఇండెంట్ మీద డీజిల్ వస్తుంటే లాగ్‌బుక్‌తో సరిచూడండి, రెండు చోట్లా పడే ప్రమాదం ఉంది.

గ్యాస్_ఛార్జింగ్
ఏసీ గ్యాస్‌ను తేలిగ్గా తీసుకోకండి. ఆర్-410ఏ ఒక కిలో లీకయితే 2,088 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. 25 కిలోలంటే 52 టన్నులు, మీ జనరేటర్ కంటే ఎక్కువ. ఆర్-22కు 1,810 చొప్పున 81 టన్నులు. కానీ అది క్యోటో ఒప్పందపు గ్రీన్‌హౌస్ వాయువుల జాబితాలో లేదు, కాబట్టి స్కోప్ 1లో (క్యాంపస్ నేరుగా వదిలే ఉద్గారాల్లో) కలపకుండా విడిగా చూపాలి.

ఆ కిలోలు ఎక్కడివో కూడా అడగండి. సర్వీసు బిల్లుల్లో మామూలుగా ‘గ్యాస్ ఛార్జింగ్ – 1’ అనే ఉంటుంది, ఎవరో అందాజాగా కిలోలు చేసి ఉంటారు. నింపే ముందూ తర్వాతా సిలిండర్‌ను తూకం వేసి జాబ్ కార్డులో రాయాలని ఒప్పందంలోనే పెట్టండి. ఏటా అదే ఏసీకి గ్యాస్ నింపుతున్నారంటే ఫ్లేర్ నట్టు దగ్గరో కాయిల్‌లోనో లీకు ఉన్నట్టే. నైట్రోజన్‌తో ప్రెషర్ టెస్ట్ చేయకుండా నింపితే మళ్లీ గాల్లో కలుస్తుంది. పాత యూనిట్లు విప్పేటప్పుడు వాల్వు తెరిచి వదిలేయడం ఇంకో జబ్బు. రికవరీ మెషీన్ ఉన్నవాళ్లకే పని ఇవ్వండి.

పర్యావరణ_సెల్
చూశాను, నిజంగానే కేవీఏహెచ్ కాలమే. పవర్ ఫ్యాక్టర్ కూడా 0.95. హాస్టళ్లలో 1,200 పాత ఫ్యాన్లున్నాయి, అక్కడ మొదలుపెడితే?

మీటర్_గది
మీ మొత్తంలో ఇంచుమించు 80 శాతం కరెంటే, కాబట్టి సరైన చోటే చూస్తున్నారు. 75 వాట్ల ఫ్యాన్ తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ డీసీ మోటారు) ఫ్యాన్ పెడితే 45 వాట్లు మిగులు. రోజుకు 15 గంటలు, ఏడాదికి 280 రోజులు వేస్తే ఫ్యాన్‌కు 189 యూనిట్లు, 1,200కు 2,26,800. అంటే 165 టన్నులు. మెస్ గ్యాస్ అంతా ఆపేసినంత! కాకపోతే 75 అనేది ఫుల్ స్పీడ్ లెక్క. పది గదుల్లో వాట్ మీటర్ పెట్టి ఒక వారం చూశాకే ఆర్డర్ ఇవ్వండి.

బిగించేటప్పుడు పాత రెగ్యులేటర్‌ను బైపాస్ చేయాలి, లేకపోతే ఫ్యాన్‌లో ఎలక్ట్రానిక్ బోర్డు పోతుంది. జనరేటర్ మార్పిడి సమయంలో వచ్చే సర్జ్‌కు కూడా బోర్డులే ముందు పోతాయి. సర్జ్ రక్షణ, ఎక్కువ వోల్టేజీ పరిధి టెండర్‌లో రాయండి. హాస్టల్లో రిమోట్లు నెల కూడా మిగలవు, గోడ స్విచ్‌తో వేగం మారేవి తీసుకోండి.

రూట్_సర్వే
చెట్లు తీసేయొద్దు. చెట్టుకు ఏటా 20 కిలోలని ఉదారంగా వేసుకున్నా 3,000 చెట్లకు 60 టన్నులే. పైగా ఎదిగిన చెట్టు ఏటా అంత పీల్చదు. విడిగా ఒక వరుసలో చూపండి, ఉద్గారాల మొత్తం ముట్టుకోకండి.

రాకపోకలకు ‘ఎన్ని కిలోమీటర్లు వస్తారు’ అని అడగకండి, నోటికొచ్చింది రాస్తారు. ఊరు లేదా స్టాపు పేరు, వాహనం, బండి మీద ఎంతమంది, వారానికి ఎన్ని రోజులు అని అడిగి దూరం మీరే కొలవండి. పరీక్షల వారంలో సర్వే పెట్టకండి. 365తో కాదు, పనిదినాలతో గుణించండి. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే బైకు కిలోమీటరుకు సుమారు 51 గ్రాములు. కాలేజీ బస్సుల్లో వచ్చేవాళ్లను మళ్లీ కలపొద్దు, ఆ డీజిల్ ఇప్పటికే స్కోప్ 1లో ఉంది.

ఆర్టీసీ పాసుల కోసం ఇచ్చిన బోనఫైడ్ల జాబితా చూసి సరిపెట్టుకునేవాళ్లున్నారు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి అమ్మాయిలకు బస్సు ఉచితం కాబట్టి వాళ్లలో చాలామంది ఆ జాబితాలో ఉండరు. వాళ్లను సర్వేతోనే పట్టుకోవాలి.