హార్డ్ డిస్కు స్థానంలో కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు వాడవచ్చా?

ప్రశ్న:
నా పాత ల్యాప్‌టాప్‌లోని ఐడీఈ (పాత కంప్యూటర్లలో డిస్కును కలిపే పద్ధతి) హార్డ్ డిస్కు పాడైపోయినందున, దాని స్థానంలో అడాప్టరు సాయంతో కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డును (కెమెరాల్లో వాడే ఒక రకం మెమరీ కార్డును) అమర్చి లినక్స్ నడపాలనుకుంటున్నాను. నిరంతరం రాస్తూ ఉంటే కార్డు త్వరగా అరిగిపోతుందా?

మొదటి సమాధానం:
కాంపాక్ట్‌ఫ్లాష్ ప్రమాణంలోనే కార్డు ఐడీఈ డిస్కులా పనిచేసే ట్రూ ఐడీఈ అనే విధానం ఉంది కనుక, అడాప్టరు చేసేది పిన్నులను కలపడమే. బయోస్‌కు (కంప్యూటరును మొదలుపెట్టే ప్రోగ్రాముకు) కార్డు మామూలు డిస్కుగానే కనిపిస్తుంది. అయితే కొన్ని చవక అడాప్టర్లలో డీఎంఏ (ప్రాసెసరుపై భారం లేకుండా డేటాను నేరుగా మెమరీకి చేర్చే పద్ధతి) తీగలు కలిపి ఉండవు. అప్పుడు ఎంత వేగవంతమైన కార్డైనా పీఐఓ (ప్రతి డేటా బదిలీనీ ప్రాసెసరే చేసే) పద్ధతిలో నెమ్మదిగా నడుస్తూ ప్రాసెసరుపై భారం మోపుతుంది. కొనే ముందు ఇది తప్పక చూడండి.

రెండవ సమాధానం:
అరుగుదల గురించి మీ ఆందోళన సమంజసమే. ఫ్లాష్‌లో చిన్న మార్పుకు కూడా పెద్ద బ్లాకును చెరిపి తిరిగి రాయవలసి రావచ్చు కాబట్టి, కార్డుకు నిజమైన శత్రువులు ఎడతెగని చిన్న చిన్న రాతలే. స్వాప్‌ను (ర్యామ్ చాలనప్పుడు డిస్కుపై వాడుకునే చోటును) తీసివేసి, లాగ్‌లనూ తాత్కాలిక ఫైళ్లనూ టెంప్‌ఎఫ్ఎస్ ద్వారా ర్యామ్‌లో ఉంచి, నోఏటైమ్‌తో (ఫైలు చదివిన ప్రతిసారీ ఆ సమయాన్ని రాయకుండా ఆపే ఎంపికతో) మౌంట్ చేయండి. వీలైతే ఎస్ఎల్‌సీ (ఒక్కో కణంలో ఒకే బిట్ దాచే, ఎక్కువ కాలం మన్నే ఫ్లాష్) రకం పారిశ్రామిక కార్డును ఎంచుకోండి. ధర ఎక్కువైనా నా దృష్టిలో అది వృథా కాదు.

మూడవ సమాధానం:
ఎప్పుడైనా విండోస్ ఎక్స్‌పీ వేయదలిస్తే, తనను తాను స్థిర డిస్కుగా తెలియజేసుకునే కార్డునే తీసుకోండి. తొలగించదగినదిగా కనిపించే కార్డులో ఎక్స్‌పీ మొదటి పార్టిషన్‌ను (డిస్కు విభాగాన్ని) మాత్రమే చూపుతుంది. లినక్స్‌కు ఈ ఇబ్బంది లేదు.