చుక్క దగ్గరికి ఎవరూ పోలేదు గదా, అందులో ఏముందో ఎట్లా తెలుస్తుంది?

పరకాల_శీను:
మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఈమధ్య చదువు పక్కకు పెట్టి ఆకాశం వీడియోలే చూస్తున్నాడు. ఆరుద్ర నక్షత్రం ఆరు వందల కాంతి సంవత్సరాల (వెలుగు ఏడాదిలో పోయే దూరం ఒక కాంతి సంవత్సరం) దూరంలో ఉందట, దాని పైభాగం వేడి 3,500 డిగ్రీలట, సూర్యుడి కంటే వందల రెట్లు పెద్దదట. ఎవరు పోయి కొలిచిండ్రురా అంటే "సైంటిస్టులు లెక్క కట్టిండ్రు డాడీ" అంటాడు. ఆ మాట పంచాంగం చెప్పే అయ్యగారు కూడా అంటాడు కదా.

గొడవ పెట్టుకుందామని అడగట్లేదు, నిజంగానే తెలుసుకోవాలని ఉంది. నేను చదివింది బీకాం, నడిపేది విత్తనాల దుకాణం. నా కాంటాకు తూనికలు కొలతల వాళ్లు ఏడాదికోసారి వచ్చి ముద్ర వేస్తారు, అది లేకపోతే రైతు నన్ను ఎందుకు నమ్మాలి. మరి వీళ్ల కాంటాకు ముద్ర ఎవరు వేస్తారు? పైగా అదే ఆరుద్ర దూరం ఒక దగ్గర 500 అని, ఒక దగ్గర 640 అని, ఇంకో దగ్గర 720 అని ఉంది. ఇట్లా తలా ఒక మాట చెప్తే అందాజా అనుకోవాల్నా, కొలత అనుకోవాల్నా?

బావురుపిల్లి:
మృగశిరకు చేపలు తెచ్చుకున్నమా, రోహిణికి ఎండ తిట్టుకున్నమా, అంతే అన్నా. ఆరుద్ర ఎంత దూరముంటే ఏంది, వాన పడితే చాలు.

ఫిజిక్స్_మేడం_హన్మకొండ:
శీను గారూ, మంచి ప్రశ్న. మా క్లాసులో అడగాల్సిన పిల్లలు అడగరు.

ముందు "అందులో ఏముంది" అనే దాని సంగతి చెప్తాను, దూరం సంగతి ఇంకెవరైనా అందుకోండి. మీ ఇంట్లో పాత సీడీ, పాత సీఎఫ్ఎల్ బల్బు ఉంటే ఈ రాత్రే చూడొచ్చు. చెప్పుల డబ్బాకు ఒక పక్క సన్నటి చీలిక పెట్టండి, వెంట్రుక మందం ఉంటే చాలు, రెండు బ్లేడు అంచులు దగ్గరగా అతికిస్తే బాగా వస్తుంది. ఎదురు పక్క లోపల సీడీని ఏటవాలుగా పెట్టి పై నుంచి చిన్న రంధ్రంలో చూడండి. ఎల్ఈడీ బల్బు వైపు తిప్పితే రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి పట్టీలాగా వస్తాయి. సీఎఫ్ఎల్ వైపు తిప్పితే అట్లా రాదు, మధ్యలో చీకటి, విడివిడిగా గీతలు, అందులో ఒక పచ్చ గీత కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందులో బల్బులో ఉన్న పాదరసం గీత ఉంటుంది. పాదరసం ఎక్కడున్నా, వరంగల్‌లో ఉన్నా ఆరుద్రలో ఉన్నా, గీత అదే చోట పడుతుంది. ఒక్కో మూలకానికి ఒక్కో గీతల వరస, ఇంకోదానికి అదే వరస రాదు. (సూర్యుడి వైపు మాత్రం నేరుగా తిప్పొద్దు, కళ్లు పోతాయి, పిల్లలకు గట్టిగా చెప్పండి.)

సూర్యకాంతిలో ఈ గీతలు వెలుగుగా కాక నల్లగా పడతాయి, పైనున్న గ్యాసు ఆ రంగును మింగేస్తుంది కాబట్టి. అట్లాంటి నల్ల గీతలను జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ 1814లో వందల కొద్దీ గుర్తించాడు, అవి ఏంటో ఆయనకు తెలియదు. ఫలానా గీత ఫలానా మూలకానిది అని 1859-60లో కిర్కాఫ్, బున్సెన్ ల్యాబ్‌లో మంట పెట్టి తేల్చారు.

ఇప్పుడు మీ ముద్ర సంగతి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం మన తెలుగు నేల మీదుగా పోయింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఆయన స్పెక్ట్రోస్కోపు (వెలుగును ఇట్లా రంగులుగా, గీతలుగా విడదీసే పరికరం) పట్టుకుని గుంటూరు దాకా వచ్చి చూశాడు. ఆ గ్రహణంలో, ఆ తర్వాత అక్టోబరులో ఇంగ్లాండ్‌లో లాకియర్ చూసినప్పుడు, సూర్యుడి అంచు దగ్గర ఒక పసుపు గీత కనబడింది. సోడియం గీతలు 589 నానోమీటర్ల (వెలుగు అల పొడవుకు కొలత) దగ్గర ఉంటాయి, ఇది 587.5 దగ్గర ఉంది. దగ్గరే, కానీ సోడియం కాదు. అప్పటికి భూమి మీద తెలిసిన దేనికీ అది సరిపోలేదు. సూర్యుడిలో కొత్త మూలకం ఉందని లాకియర్ అన్నాడు, హీలియం అని పేరు పెట్టారు, చాలామంది నమ్మలేదు. 27 ఏళ్ల తర్వాత, 1895లో, రామ్సే ఒక యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేస్తే వచ్చిన గ్యాసులో అదే గీత పడింది. సూర్యుడిలో ముందు పట్టుకున్నారు, తర్వాత చేతికి దొరికింది. అయ్యగారి లెక్కకు, దీనికి తేడా అక్కడ ఉంది అని నా అభిప్రాయం.

వేడి కూడా ఈ గీతలే చెప్తాయి. ఏ వేడిలో ఏ గీత ముదురుగా వస్తుందో, ఏది మాయమవుతుందో సూత్రం రాసింది మన మేఘనాద్ సాహా, 1920లో. దాన్నే వాడుకుని సిసిలియా పేన్ అనే అమ్మాయి 1925లో తన పీహెచ్‌డీలో నక్షత్రాల్లో ఎక్కువ భాగం హైడ్రోజనే అని తేల్చింది. అప్పటిదాకా నక్షత్రాలు కూడా భూమి లాంటి సరుకుతోనే తయారయ్యాయని అనుకునేవారు. రస్సెల్ అనే పెద్దాయన ఇది కుదరదు అంటే, పాపం "ఈ ఫలితం దాదాపు ఖచ్చితంగా నిజం కాదు" అని తన థీసిస్‌లో తనే రాసుకోవాల్సి వచ్చింది. నాలుగేళ్లకు ఆ పెద్దాయనే వేరే దారిలో లెక్క వేసుకుని అదే జవాబుకు వచ్చాడు. మా క్లాసులో ఆడపిల్లలకు ఈ కథ తప్పకుండా చెప్తాను.

పరకాల_శీను:
మేడం, దండం. చెప్పుల డబ్బా ఆల్రెడీ వాడి చేతిలో ఉంది, బ్లేడు మాత్రం నేనే అతికిస్తా అన్నాను. గీతల సంగతి అర్థమైంది. కానీ దూరం? గీతలో దూరం ఉండదు కదా.

రాత్రి_అబ్జర్వర్:
నాది ములుగు, ఇప్పుడు బెంగళూరులో నక్షత్రాల మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను. దూరం నేను చెప్తాను, కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిక పట్టండి.

భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కాబట్టి జనవరిలో ఉన్న చోటికి, జులైలో ఉన్న చోటికి మధ్య దాదాపు 30 కోట్ల కిలోమీటర్ల తేడా. ఈ రెండు చోట్ల నుంచి చూస్తే దగ్గరి చుక్క, వెనకాల దూరపు చుక్కల మధ్య పిసరంత జరిగినట్టు కనబడుతుంది. ఆ జరుగుడు కోణం, ఈ 30 కోట్లు తెలిస్తే మిగతాది మీ అబ్బాయి చదివే త్రికోణమితి. 1838లో బెసెల్ ఇట్లా 61 సిగ్ని అనే చుక్కను కొలిచాడు. ఒక డిగ్రీని 3,600 భాగాలు చేస్తే అందులో ఒక భాగంలో మూడింట రెండు వంతులు కూడా లేదు ఆ కోణం. దూరం దాదాపు 11 కాంతి సంవత్సరాలు. 2013లో పంపిన యూరప్ వాళ్ల గయా ఉపగ్రహం 2025 జనవరి దాకా ఇదే పని చేసింది, దాదాపు 180 కోట్ల చుక్కల పట్టిక ఇచ్చింది, ఎవరైనా ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

మరి ఆరుద్రకు మూడు దూరాలు ఎందుకు అంటే, అది మహా మొండి చుక్క. గయాకు అది మరీ వెలుగు ఎక్కువ, కెమెరా తట్టుకోదు. ఇంకో చిక్కు, అది ఎంత లావంటే ఆ చుక్క బింబమే దాని జరుగుడు కంటే దాదాపు నాలుగు రెట్లు వెడల్పు. పైగా దాని ఉపరితలం ఎప్పుడూ కుతకుత ఉడుకుతూ ఉంటుంది, ఇవాళ ఒక పక్క వెలుగు, కొన్ని నెలలకు ఇంకో పక్క, కాబట్టి వెలుగు నడిమధ్య ఎక్కడ అనేదే జరుగుతుంటుంది. అందుకే ఒక్కో పద్ధతికి ఒక్కో అంకె వచ్చింది, అందరూ పక్కన ఎంత అటూఇటూ అనేది కూడా రాస్తారు, యూట్యూబ్ వాళ్లు ఆ ముక్క కోసేస్తారు. మామూలు చుక్కలకు ఇంత గందరగోళం ఉండదు.

ముద్ర విషయానికొస్తే, మేం రాత్రంతా చేసేది అదే. లడఖ్‌లో హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున రెండు మీటర్ల అద్దం ఉన్న చంద్ర టెలిస్కోప్ ఉంది, దాన్ని బెంగళూరు పక్కన హోస్కోటే నుంచి ఉపగ్రహం లింకు మీద నడుపుతాం. టెలిస్కోపులో కన్ను పెట్టి చూడటం అనేది సినిమాల్లోనే. నెలల ముందే ప్రపోజల్ రాయాలి, కమిటీ ఒప్పుకుంటే ఒకటో రెండో రాత్రులు ఇస్తారు, ఆ రాత్రి మబ్బు పడితే నీ కర్మ. సాయంత్రం ఖాళీ ఫ్రేములు తీస్తాం, కెమెరా ఊరికే ఎంత అంకె చూపిస్తుందో తెలియాలి కదా. తర్వాత అంతటా సమానంగా వెలుగున్న దాన్ని ఫొటో తీస్తాం, కెమెరాలో ఏ మూల మొద్దుగా ఉందో తెలుస్తుంది. ఆ తర్వాతే మన చుక్క. దాని వెంటనే టెలిస్కోపులోనే ఉన్న ఐరన్-ఆర్గాన్ దీపం వెలిగించి దాని గీతలు తీస్తాం, ఆ గీతలు ఎక్కడ పడాలో ల్యాబుల్లో ముందే కొలిచి పెట్టారు, వాటి పక్కన పెట్టి మన చుక్క గీతలు చదువుతాం. మళ్లీ వెలుగు ఎంతో అందరికీ తెలిసిన స్టాండర్డ్ స్టార్ ఒకటి తీస్తాం. ఆ రాత్రి డేటాలో సగం ఇట్లాంటి ముద్రలే. చుక్క కిందికి దిగితే గాలి పొర మందం పెరిగి వెలుగు మింగేస్తుంది, దానికీ లెక్క ఉంది. తెల్లారాక నిద్ర, తర్వాత నెలల తరబడి కంప్యూటర్ ముందే.

పెద్ద దూరాలకు ఈ కోణం పనికిరాదు. అక్కడ సెఫిడ్ అనే చుక్కలు వాడతారు, వాటి వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, మన ధ్రువ నక్షత్రం కూడా ఆ జాతే. నిదానంగా కొట్టుకునేవి అసలు వెలుగులో పెద్దవి అని హార్వర్డ్‌లో ఫొటో పలకలు చూసే ఉద్యోగం చేసిన హెన్రియెటా లెవిట్ 1912లో తేల్చింది. అసలు వెలుగు తెలిసి, కనబడే వెలుగు తెలిస్తే దూరం వస్తుంది. 1923లో హబుల్ అనే ఆయన ఆండ్రోమెడాలో అట్లాంటి చుక్క పట్టుకుని, అది మన పాలపుంత బయట ఇంకో గెలాక్సీ అని చూపించాడు. ఆయనకు వచ్చింది తొమ్మిది లక్షల చిల్లర కాంతి సంవత్సరాలు. ఇప్పటి లెక్క 25 లక్షలు. సెఫిడ్లలో అసలు వెలుగు వేరువేరుగా ఉండే రెండు రకాలున్నాయని తర్వాత బాడే అనే ఆయన కనిపెట్టాడు, యుద్ధం రోజుల్లో లాస్ ఏంజెలెస్ దీపాలు ఆపేస్తే దొరికిన చీకట్లో చేసిన పనితోనే అది మొదలైంది. 1952లో ఆయన అది చెప్పేసరికి గెలాక్సీల దూరాలన్నీ ఒక్కసారే రెట్టింపు అయ్యాయి. కాంటా తప్పని బయటివాళ్లు కాదు, అదే పని చేసేవాళ్లే పట్టుకుని సరిచేశారు.

కాకతీయ_కిరణ్:
అంతా బాగుంది బ్రో, మరి డార్క్ మ్యాటర్ సంగతేంది? కనబడదు, గీత ఉండదు, దీపం ఉండదు, కానీ ఉందంటారు. ఇది మాత్రం అయ్యగారి లెక్కే కదా.

రాత్రి_అబ్జర్వర్:
కొలిచింది వేరు, పెట్టిన పేరు వేరు. మన వైపు వచ్చే దాని గీతలు నీలం వైపు, దూరం పోయేదాని గీతలు ఎరుపు వైపు జరుగుతాయి, ఎంత జరిగాయో చూస్తే వేగం వస్తుంది. 1970లో వేరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా అంచుల్లో ఇట్లా వేగాలు కొలిచారు. మధ్యలో కనబడే బరువు ప్రకారం అంచులకు పోయేకొద్దీ వేగం తగ్గాలి. తగ్గలేదు. ఇది కొలత, ఎన్నో గెలాక్సీల్లో మళ్లీ మళ్లీ వచ్చింది. ఆ ఎక్కువ బరువు దేనిది అంటే ఇంకా చేతికి దొరకలేదు, దానికి పెట్టుకున్న పేరే డార్క్ మ్యాటర్. హీలియానికి 1868కి, 1895కి మధ్య ఉన్న పరిస్థితే అనుకో, దొరకకపోవచ్చు కూడా.

అదే గీతల జరుగుడుతోనే 1995లో మేయర్, క్వెలో 51 పెగాసి అనే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని పట్టుకున్నారు. గ్రహాన్ని చూడలేదు, అది లాగుతుంటే నక్షత్రం సెకనుకు యాభై అరవై మీటర్ల వేగంతో ముందుకీ వెనక్కీ ఊగుతోంది, నాలుగు రోజులకో చుట్టు. 2019లో నోబెల్ వచ్చింది.

ఫిజిక్స్_మేడం_హన్మకొండ:
ఆరుద్ర 2019-20లో మసకబారిన సంగతి కూడా రాయి నాన్నా, అది చాలామంది కళ్లారా చూశారు.

రాత్రి_అబ్జర్వర్:
అవును మేడం. 2019 చివర్లో తగ్గడం మొదలై, 2020 ఫిబ్రవరికి మామూలు వెలుగులో దాదాపు మూడో వంతుకు పడిపోయింది. పేలిపోతుందని టీవీల్లో ఒకటే హడావిడి. చిలీలోని పెద్ద టెలిస్కోప్ 2019 జనవరిలో తీసిన బొమ్మ పక్కన డిసెంబరు బొమ్మ పెడితే, దక్షిణం వైపు సగమే నల్లబడింది. గీతల్లో వేడి చూస్తే అంత మసకకు సరిపోయేంత తగ్గలేదు. హబుల్ టెలిస్కోప్ అయితే ఆ శరదృతువులోనే దక్షిణం వైపు నుంచి వేడి గ్యాసు బయటికి తన్నుకు రావడం అతినీలలోహిత కాంతిలో చూసి పెట్టింది. అన్నీ కలిపితే, ఆ గ్యాసు చల్లబడి దుమ్ముగా మారి మనకూ చుక్కకూ మధ్య అడ్డం పడింది, ఆ పక్క ఉపరితలం కూడా కొంచెం చల్లబడింది. వసంతానికల్లా మళ్లీ వెలిగింది.

పరకాల_శీను:
సరే తమ్మీ, ఇప్పుడు మా వాడు టెలిస్కోప్ కొనమంటున్నాడు, ఆన్‌లైన్లో నాలుగు వేలకు 600 రెట్లు పెద్దగా చూపిస్తదని ఉంది. కొనాల్నా?

రాత్రి_అబ్జర్వర్:
వద్దన్నా. రెట్లు రాసి అమ్మేది ఏదీ కొనకు, వెలుగు పట్టేది అద్దం సైజు, రెట్లు కాదు, ఆ నాలుగు వేల దాంట్లో స్టాండు ఊగుడు తప్ప ఏమీ కనబడదు. ముందు వరంగల్‌లో ప్రతాపరుద్ర ప్లానిటోరియం తెరిచి ఉంటే ఒక షో చూపించు. అమావాస్య దగ్గర చలికాలంలో పాకాల చెరువు వైపు చీకటి బాగుంటుంది, కానీ అడవి, ఒంటరిగా పోవద్దు. సంక్రాంతి రోజుల్లో రాత్రి ఎనిమిదింటికి తూర్పున ఎర్రగా కనబడేదే ఆరుద్ర. 10x50 బైనాక్యులర్ (పది రెట్లు, 50 మిల్లీమీటర్ల అద్దాలు) కొను, కృత్తికలు, ఆండ్రోమెడా మసక రెండూ దాంట్లో కనబడతాయి. అంతకంటే ఎక్కువ పవర్ అయితే చేతి వణుకుకు చుక్క నిలవదు.