సాన్ సెబాస్టియన్‌లో బాస్క్ పండుగలు: ఏ నెలలో వెళ్లడం మేలు?

కృష్ణాతీరం: మా అమ్మాయి స్పెయిన్ ఉత్తర తీరంలో, బాస్క్ ప్రాంతంలో ఉన్న సాన్ సెబాస్టియన్‌లో చదువుకుంటోంది. బాస్క్ భాషలో ఆ ఊరిని దొనోస్తియా అంటారట. మేము ఏడాదికి ఒక్కసారే వెళ్లగలం కాబట్టి, ఏదైనా పండుగ నాటికి అక్కడ ఉండాలని మా కోరిక. ఆగస్టులో వెళ్లమని అందరూ చెబుతున్నారు. అక్కడ నివసించినవారు సలహా ఇవ్వగలరు.

ఓరుగల్లు: నేనైతే జనవరి 20 అంటాను. నగర రక్షకుడైన సెయింట్ సెబాస్టియన్ పేరిట జరిగే డోళ్ల పండుగ తంబోర్రాడా ఆ రోజే. 19వ తేదీ అర్ధరాత్రి పాత ఊరిలోని కాన్‌స్తితుసియోన్ చౌక్‌లో జెండా ఎగరేయడంతో మొదలై, సరిగ్గా 24 గంటల తర్వాత దాన్ని దించడంతో ముగుస్తుంది. తెల్ల టోపీల వంటవాళ్ల వేషంలో కొందరు చిన్న పీపాలను, నెపోలియన్ కాలపు సైనికుల దుస్తుల్లో మరికొందరు డోళ్లను వాయిస్తూ రాత్రంతా తిరుగుతారు. సైనికులు డోళ్లు వాయిస్తూ వెళ్తుంటే, నీళ్లకు వచ్చినవారు వెక్కిరింపుగా బిందెలు మోగించడంతో ఈ ఆచారం పుట్టిందని అక్కడివారు చెప్పుకుంటారు. పెద్దల ఊరేగింపులో స్త్రీలకు 1980లో గానీ చోటు దొరకలేదు. అన్నట్టు, ఆ చౌక్ బాల్కనీలపై అంకెలు కనిపిస్తాయి. ఒకప్పుడు అక్కడ ఎద్దుల పోరు జరిగేది, అవి ప్రేక్షకుల గదుల సంఖ్యలు.

తెల్లకాకి: ఓరుగల్లు గారి మాట నిజమే కానీ, ఆ చలిలో, వానలో, నిద్ర లేకుండా పెద్దవాళ్లు తట్టుకోగలరా? ఆగస్టు 15 ప్రాంతంలో వచ్చే అస్తే నగుసియా అనే వేసవి పండుగలో లా కోంచా తీరం మీద వారం పాటు బాణాసంచా పోటీలు జరుగుతాయి. ఐస్‌క్రీమ్ తింటూ చూడడం ఊరివారికి అలవాటు. సెప్టెంబరు మొదటి రెండు ఆదివారాల్లో 13 మంది తెడ్లు వేసే త్రయినేరా పడవల పందెం ఉంటుంది. అది 1879 నుంచి వస్తోంది. అయితే ఆగస్టులో గదుల అద్దెలు భరించడం కష్టం.

పెసరట్టు: ఎవరూ చెప్పనిది డిసెంబరు 21, సాంతో తోమాస్ సంత. పల్లెల రైతులు భూస్వాములకు కౌలు చెల్లించడానికి ఆ రోజు పట్నానికి వచ్చి, పనిలో పనిగా తమ సరుకు అమ్ముకునేవారు. ఆ కౌలు పోయినా సంత మిగిలింది. జనం రైతుల వేషాల్లో తిరుగుతారు. చౌక్‌లో ఒక పందిని ప్రదర్శించి లాటరీలో ఇస్తారు. వేయించిన చిస్తోర్రా సాసేజిని తాలో అనే మొక్కజొన్న రొట్టెలో చుట్టి అమ్ముతారు. శాకాహారులకు జున్ను పెట్టిన తాలో దొరుకుతుంది. నాకు అది మన మక్కజొన్న రొట్టెనే గుర్తుకు తెచ్చింది. మూడు రోజులు ఆగితే 24న క్రిస్మస్ తాత లాంటి, బొగ్గులు కాల్చే ఒలెంట్సెరో పిల్లలకు కానుకలు తెస్తాడు.

కృష్ణాతీరం: అందరికీ ధన్యవాదాలు. అమ్మాయికి అప్పుడే సెలవులు కూడా. డిసెంబరు 19కి టికెట్లు చూస్తున్నాం. పంది లాటరీ సంగతి మాత్రం మా అమ్మగారికి ముందుగా చెప్పడం లేదు.